ఎరిగినవారి పొరపాటు

వీరిరువురును వియ్యంకులు. ఒకరు వృక్షశాస్త్రమును చిరకాలము కళాశాలలో బోధించి విశ్రాంతి గైకొన్నవారు. రెండవవారు కడియము ప్రాంతమున తాతల నాటినుండి వచ్చుచున్న మొక్కలతోటను నడుపుచున్నవారు. మొక్కలయందలి అనురక్తి యిరువురకును సమానమే యైనను, మొక్కల విషయమున పేరుపొందినవారు పలికిన తప్పును ఎట్లు పరిగణింపవలెనను చోట వీరికి పొత్తు కుదరలేదు. అంటుగులాబీల మళ్ళప్రక్కను కూర్చుండి ఒక ఉదయమున వీరు జరిపిన ప్రసంగమును నేను వినినంతమేరకు ఇచట పొందుపరచుచున్నాను.

అధ్యాపకుడు: బావగారూ, తెలియనివాడు చెప్పిన తప్పు వానితోనే పోవును, వినువాడు దానిని నమ్మడు, నమ్మినను నలుగురికి చెప్పడు. తెలిసినవాని తప్పు అట్టిది కాదు. మొన్నటి ఉద్యానసభలో ఆ పెద్దమనిషి, ఈ ప్రాంతమున గులాబీలకు కన్నంటు కట్టుట ఎందరికో నేర్పినవాడు, రావిచెట్టు రాత్రియంతయు ప్రాణవాయువును విడుచుచుండును గనుకనే పూర్వులు దానిని పూజింపుమనిరని చెప్పినప్పుడు, ఎంతమంది కాగితములు తీసి వ్రాసికొనిరో మీరును చూచితిరి గదా! ఆయన తెలియనివాడైనచో ఒక్కరును కలము తీసియుండరు.

తోటకాపు: చూచితిని బావగారూ, మీరు ఏదో చెప్పబోయి ఊరకుండుటయు చూచితిని. ఊరకుండుటే మేలయ్యెనని నా అభిప్రాయము. ఆయన చేతిమీదుగా బ్రదికిన అంట్లు ఎన్నో పెరళ్ళలో నేడు పూచుచున్నవి. రావిచెట్టు విషయమున ఆయన పొరబడినాడని నలుగురిలో రుజువు చేసినచో, వినినవారు రావి మాటతోపాటు అంటుకట్టు విద్యనుగూడ శంకింతురు. మనము ఏమి చెప్పినను రావిచెట్టు తన ఊపిరిని మార్చుకొనదు. చెట్టునకు నష్టము లేదు, వినినవానికిని నష్టము లేదు. నష్టమంతయు చెప్పినవాని మర్యాదకే. అట్టిచోట దిద్దుబాటు ఎవరికొరకు?

అధ్యాపకుడు: వినినవానికి నష్టము లేదందురా? ఆ సభనుండి తిరిగివచ్చినవారిలో ఒకరు పడకగదిలో పెట్టుకొనుటకై మీ తోటలోనే రావిమొక్కను కుండీతో కొనిపోయిరట; రాత్రి కిటికీలు మూసికొనినను ఇక భయము లేదని మీ పనివానితో చెప్పిరట. వెలుతురు సోకినప్పుడు మాత్రమే ఆకుపచ్చని భాగములు నీటిని విడగొట్టి ప్రాణవాయువును వెలువరించును. చీకటిలో రావియైనను తులసియైనను మనవలెనే ప్రాణవాయువును గైకొని బొగ్గుపులుసు గాలిని విడుచును. ఇది నిన్నమొన్నటి వార్తయు కాదు. ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు ఇంగ్లండులో ఒక వేసవియంతయు నీట ముంచిన ఆకులపై లేచు బుడగలను పరీక్షించి, ఎండలో గాలిని శుభ్రపరచునవి ఆకులేయనియు, నీడలోను రాత్రియందును గాలిని చెరచునవియు అవియేయనియు 1779లో తన గ్రంథమునకు పెట్టిన పేరులోనే ప్రకటించెను. దీనికి ఎదురుతప్పు ఇంకొకటి కలదు. రాత్రి చెట్టుక్రింద పరుండినవానికి ఊపిరాడదని భయపెట్టుదురు. ఆరుబయట చెట్టు విడుచు ఆ గాలి చుట్టునున్న గాలిలో కలిసి జాడ తెలియనంత స్వల్పము. రెండు తప్పులును రాత్రినిగూర్చినవే, రెండును పుస్తకములు చదివినవారి నోటనే వినబడుచున్నవి.

తోటకాపు: పుస్తకములు చదివినవారికి అట్టి భ్రాంతి ఎట్లు కలిగెను? ఉత్తపుణ్యమునకు పుట్టిన మాట కాజాలదు.

అధ్యాపకుడు: సరిగా అడిగితిరి. ఈ తప్పు ఏమియు చదువనివాడు చేయజాలడు. సగము నిజమును ఎరిగినవానికే ఇది సాధ్యము. నీరు దొరకని చోట్ల పెరుగు బ్రహ్మజెముడు, అనాస, మన పెరటి రణపాల మొదలైనవి పగటి యెండలో ఆకురంధ్రములను తెరచినచో ఉన్న నీరంతయు ఆవిరియై పోవునను కారణమున, వానిని రాత్రి తెరచి బొగ్గుపులుసు గాలిని లోనికి గొని, ఆమ్లరూపమున దాచియుంచి, తెల్లవారిన పిదప రంధ్రములు మూసికొని వెలుతురు సాయమున దానిని వాడుకొనును. ప్రాణవాయువు పుట్టుట ఆ పగటిపూటనే. రాత్రి గాలిని లోనికి గొనునను మాట రాత్రి ప్రాణవాయువును విడుచునను మాటగా మారి, రణపాలనుండి తులసికిని రావికిని దూకినది. ఈ సంగతిని తన నాలుకతో కనిపెట్టి లోకమునకు తెలిపినవాడు మనకు పరాయివాడు కాడు. రాక్స్‌బరో దొర 1793లో కలకత్తాకు తరలిపోయిన పిదప సామర్లకోటలోని కంపెనీ తోటకు వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన బెంజమిన్ హైనె, రణపాల ఆకు ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు రుచి లేకయు, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉండునని లండనులోని మిత్రునికి వ్రాసిన లేఖ 1815లో లిన్నేయన్ సంఘపు పత్రికలో అచ్చయ్యెను.

ఈ మాట వినగనే తోటకాపు లేచి, గోడవారనున్న కుండీనుండి దళసరి రణపాల ఆకునొకదానిని త్రుంచి తెచ్చెను. ఆకు అంచునగల నొక్కులలో ఒకటిరెండుచోట్ల ఆవగింజంత మొలకలు అప్పుడే తల యెత్తుచుండెను. దానిని మూడు తునకలు చేసి ఆయన ఒకటి తాను నోట వేసికొని, తక్కినవి మా యిరువురకును ఇచ్చెను. సూర్యుడు కొబ్బరిచెట్ల పైకి ఇంకను రాలేదు. ఆకు చింతచిగురంత పుల్లగా నుండెను. హైనె చెప్పినది రెండువందల యేండ్ల తరువాతగూడ ఎవని నాలుకకైనను ఎవని పెరటిలోనైనను దొరకునట్టిది గనుకనే దానిని శాస్త్రమనుచున్నామని నాకప్పుడు తోచెను.

తోటకాపు: పులుపు నిజమే. ఈ ఆకునే ఆ పెద్దమనిషికి తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నమున ఒకసారి తినిపించినచో సభ అక్కరలేకయే ఆయన తన మాటను దిద్దుకొనును. నేను వలదనుచున్నది దిద్దుటను కాదు బావగారూ, నలుగురిలో దిద్దుటను.

అధ్యాపకుడు: ఆయన అన్నది అదియొక్కటే కాదు గదా! సభామందిరపు గేటుకడ నిటారుగా పెరిగిన చెట్లబారును చూపి, సీతమ్మవారు కూర్చుండిన అశోకవనము ఈ చెట్లదే యనెను.

తోటకాపు: ఆ మాటను తప్పనుటకు నాకు నోరు రాదు. మా తోటకు వచ్చి అశోకమొక్కలు కావలెనని అడుగువారందరును ప్రహరిగోడవెంట బారులు తీర్చుటకు ఆ నిటారు చెట్టునే కోరుదురు. నరమామిడియనిన వారికి తెలియదు. ‘అది కాదండీ, అశోక’ అని నన్నే దిద్దుదురు. ఊరంతయు ఒక చెట్టును ఒక పేరుతో పిలుచుచున్నప్పుడు అది తప్పు కాదు, వాడుక.

అధ్యాపకుడు: పిలుచుటవరకు మీ మాటనే ఒప్పుకొందును. కాని చెట్టు పేరు మారినచో చెట్టు గుణము మారదు గదా! అసలు అశోకమునకు పూలు కొమ్మలను, ముదురు మ్రానును అంటుకొని గుత్తులు గుత్తులుగా వచ్చును. విప్పినప్పుడు పసుపుచాయ కలిసిన నారింజరంగున మొదలై దినదినమునకు ఎరుపెక్కును. ఆ పూవునకు ఆకర్షణపత్రములే లేవు, మనము రేకులనుకొనునవి రంగు దేలిన రక్షకపత్రములు. చిగురు రాగిరంగున మెత్తగా క్రిందికి వ్రేలాడును. కాయ చూచినచో చిక్కుడు వంశమని తెలియును. స్త్రీల పాదతాడనముచే పుష్పించునని ప్రాచీనకవులు దోహదముగా వర్ణించినది ఈ యెర్రని అశోకమునే. నరమామిడియో, సీతాఫలమునకు చుట్టము. దాని పూవు లేత ఆకుపచ్చనై, ఆరు సన్నని రేకులతో ఆకులలో కలిసిపోయి, దగ్గర నిలిచి వెదకినగాని కనబడదు. కవిత్వమునకు కలిగిన నష్టమును అటుంచుడు. అశోకారిష్టమునకు కావలసినది అసలు అశోకపు బెరడు. ఆ చెట్టు అడవులలో అరుదైపోయినందున నరమామిడి బెరడునే అశోకమని చెప్పి మందుల బజారునకు తోలుచున్నారు. స్త్రీలు రోగము నయమగునని పుచ్చుకొను మందులో వేరొక చెట్టు బెరడు పడినప్పుడు దానిని వాడుక యని సరిపెట్టుకొందమా?

తోటకాపు కొంతసేపు మాటాడలేదు. మందుల వర్తకమువాడొకడు మునుపు తన తోటకే వచ్చి గట్టుమీది నరమామిడి చెట్ల బెరడును బేరమాడెననియు, ఏ మందునకని యడిగిన తిన్నగా చెప్పలేకపోయెననియు, తాను ఇయ్యలేదనియు పిమ్మట చెప్పెను.

తోటకాపు: బెరడు విషయమున మీదే పైచేయి. అయినను ఒక తప్పును చూచి అన్ని తప్పులకును ఒకే శిక్ష విధింపకుడు. మీరు నాకు చదువుమని ఇచ్చిన పుస్తకములోనిదే యొక సంగతి చెప్పెదను. జెత్రో టల్ అను ఆంగ్ల కృషీవలుడు, విత్తులను వరుసగా జారవిడుచు యంత్రమును 1701 ప్రాంతమున చేసినవాడు, వేరులకు నోళ్ళు కలవనియు, అవి సన్నని మట్టిరేణువులనే భుజించుననియు నమ్మెను. మట్టి ఎంత సన్ననైన మొక్కకు అంత కడుపునిండునని, పైరు వరుసల నడుమ గుఱ్ఱముల గుంటకను మాటిమాటికి త్రోలుమని బోధించెను. నమ్మినది శుద్ధ అబద్ధము. కాని ఆ పనివలన కలుపు చచ్చెను, నేలలోనికి గాలి ఆడెను, పంట పెరిగెను. మన రైతులు వరుసవిత్తనమునకు గొర్రును, అంతరకృషికి గుంటకను ఆయనకు ఎంతో ముందునుండి వాడుచున్నారు. వారు ఏ సిద్ధాంతమును చెప్పలేదు. చేతికి తెలిసినది నోటికి తెలియకపోయినంతమాత్రమున చేతిని తప్పుపట్టరాదు.

అధ్యాపకుడు: టల్ కథను సగమే చెప్పితిరి. మట్టియే ఆహారమనిన ఆ తప్పునుండియే, బాగుగా దున్నినచో ఎరువే అక్కరలేదనియు, పెంటవలన పొలమున కలుపు పెరుగుననియు ఆయన వాదించెను. తప్పుడు కారణము మొదటి పంటకు మంచిపని చేయించినను, రెండవసారి అదే కారణము చెడ్డపని చేయించును. గుంటకను చెప్పిన నోరే ఎరువును మాన్పించినది. కారణము సరియైనచో గుంటకయు నిలుచును, ఎరువును నిలుచును.

తోటకాపు: మరి కారణము తెలిసినదని మీవంటివారు అనుకొని పామరులను దిద్దబోయినచోట? గోదావరికి ఆవలనున్న మా బంధువుల కొబ్బరితోటలో, మొక్క నాటు గోతిలో ఉప్పు వేయుట పెద్దలనాటి వాడుక. చదువుకొన్నవారు వచ్చి, ఉప్పు పైరునకు విషము, ఇది మూఢాచారము అని మందలించినారు. కొందరు సిగ్గుపడి మానివేసినారు. ఇప్పుడేమందురు?

అధ్యాపకుడు: మందలించినవారిదే తప్పు. ఉప్పులోని క్లోరిన్ మొక్కలకు స్వల్పప్రమాణమున అత్యవసరమని 1954లో నిరూపణమయ్యెను. కొబ్బరికి తక్కిన మొక్కలకన్న అది ఎక్కువగా కావలెనని, క్లోరైడు చాలని తోటలలో మామూలు ఉప్పుతోనే కాపు పెరుగునని 1970ల దశకమున ఫిలిప్పైన్సు మొదలైన దేశముల ప్రయోగములు తేల్చెను. అయితే ఇందులోగూడ సమగ్రసత్యమును చెప్పవలెను. సముద్రపుగాలి తగులు తోటలకు ఆ ఉప్పు గాలితోనే వచ్చును. సముద్రమునకు దూరమైన నేలలకే ఉప్పు వేసిన ఫలమెక్కువ. పామరుని ఆచారము నిజము, పండితుని మందలింపు తప్పు. ఆ నిజము ఎందుకు నిజమో, ఎచ్చట నిజమో తేలుటకు మరల కొలిచి చూచినవారే కావలసివచ్చిరి.

తోటకాపు: కొలిచినవారు తప్పరా?

అధ్యాపకుడు: తప్పుదురు. ఈ విషయమున నాకు తెలిసిన కథలలో వాన్ హెల్మాంటు కథకు సాటి లేదు. బ్రస్సెల్సు నగరపు వైద్యుడాయన. ఎండబెట్టిన మట్టిని 200 పౌనులు తూచి కుండలో పోసి, అయిదు పౌనుల తూకముగల విల్లో మొక్కను నాటి, దుమ్ము పడకుండ చిల్లులుపొడిచిన తగరపుపూత రేకుతో మూతవేసి, అయిదేండ్లు వాననీరో బట్టిపట్టిన నీరో తప్ప మరేమియు పోయలేదు. పిదప చెట్టును పెరికి తూచిన 169 పౌనులకు పైచిల్లర తూగినది; మట్టిని ఆరబెట్టి మరల తూచిన తగ్గినది రెండు ఔన్సులు మాత్రమే. మొక్క మట్టిని తిని పెరుగునను రెండువేల యేండ్ల నమ్మకమును ఆ రెండు ఔన్సులు కూల్చివేసెను. ఇంతవరకు ఆయన చేసినది మహాకార్యము. తరువాత ఆయన పలికినదేమి? 164 పౌనుల కట్టెయు, బెరడును, వేరును కేవలము నీటినుండియే పుట్టెననెను. పోసినది నీరు గనుక అయినది నీరే యనుకొనెను. చుట్టునున్న గాలిని లెక్కలోనికి తీసికొనలేదు. ఇందు ఎక్కువ బాధాకరమైన విషయమొకటి కలదు. 62 పౌనుల ఓకు బొగ్గును కాల్చి, ఒక్క పౌను బూడిద మిగిలినందున తక్కినది కంటికి కనబడని ద్రవ్యమై పోయెనని గ్రహించి, దానికి గ్యాస్ అని పేరుపెట్టినవాడు ఈయనయే. చెట్టులోనికి పోయినది ఆ గాలియే; కట్టె కాలినప్పుడు వెలువడునది చెట్టు కట్టెయగుటకు తీసికొన్నదే. రెండు ముక్కలును ఆయన చేతిలోనే ఉన్నవి. కలుపలేదు. ఆయన మరణానంతరము 1648లో కుమారుడు ఆ గ్రంథమును అచ్చువేయించెను. బాయిల్ అంతటివాడు తన తోటమాలిచేత గుమ్మడిజాతి గింజను తూచిన మట్టిలో పెట్టించి, మట్టి తగ్గకుండుట చూచి, 1661 నాటి గ్రంథమున హెల్మాంటునే సమర్థించెను. గాలి లెక్కకు వచ్చుటకు మరి నూరేండ్లకుపైగా పట్టెను.

తోటకాపు: ఇంత చెప్పి మీరే నా పక్షమునకు వచ్చితిరి. హెల్మాంటును మీరు నిందించుటలేదు. ఆయన కథను భక్తితో చెప్పుచున్నారు. మా పెద్దమనిషికి మాత్రము సభలో అవమానమేల?

అధ్యాపకుడు: హెల్మాంటు తూచి తప్పినాడు, ఎక్కడ తప్పినాడో ఆయన తూకముల వలననే మనకు తెలిసినది. మొన్నటి సభలో పలికిన మాటకు తూకము లేదు, చూపు లేదు. ఎవరో చెప్పగా వినినదానిని తన పేరుమీద మరల చెప్పుటయే.

ఇచట నా మాట యొకటి చేర్చుట తప్పదు. ఈ భేదము న్యాయమైనదేయని నేనును నమ్ముచున్నాను; కాని తోటపనిలో దినమెల్ల మునిగినవాడు ప్రతి మాటను తూచి పలుకజాలడనుటయు నిజమే. చూచి యెరిగినది కొంత, వినియెరిగినది కొండంత. ఇంటినిండ మొక్కలు పెంచువారు దృఢముగా నమ్మి చెప్పు మాటలలో ఇట్టివి ఎన్నో కలవు. మధ్యాహ్నము నీరు చల్లిన నీటిబొట్లు భూతద్దములై ఆకులను కాల్చుననుట అందొకటి. నున్నని ఆకులపై బొట్లు అట్లు కాల్చలేవనియు, మైనపు నూగు బొట్టును ఆకునుండి పైకెత్తి నిలుపు కొన్ని ఆకులకు మాత్రమే ఆ యపాయము కొంత కలదనియు హంగేరీ పరిశోధకులు 2010లో చూపిరి. విచ్చిన పొద్దుతిరుగుడు సూర్యునివెంట తిరుగుననుట మరియొకటి. తిరుగునది లేత మొగ్గ, ముదిరిన పూవు తూర్పుముఖముగా నిలిచిపోవును. కుండీ అడుగున గులకరాళ్ళు పరచిన నీరు త్వరగా దిగుననుట ఇంకొకటి. సన్ననిమట్టి తాను పూర్తిగా తడిసినగాని నీటిని రాళ్ళలోనికి విడువదు గనుక వేళ్ళకు తడి ఎక్కువగును గాని తక్కువ కాదు. వీనిలో ఏ యొక్కటియు దురుద్దేశముతో పుట్టలేదు.

తోటకాపు: నా తోటలోని సంగతి యొకటి చెప్పి మీ తీర్పు నడిగెదను. రాజమహేంద్రవరమునుండి యొక అమ్మగారు ఎర్రగులాబి అంటు కొనిపోయిరి. కొన్నాళ్ళకు అది వెలిసిన గులాబిరంగు చిన్నపూలను గుత్తులుగా పూయసాగెను. మొక్కల విషయమున ఆ వీధికంతటికి సలహాలు చెప్పు పేరున్నవారొకరు, నేలగుణమున రంగు మారినది, ఎర్రమట్టియు ఇనుపరజనును వేయుమనిరి. వేసిరి; మరింత దట్టముగా అవే చిన్నపూలు పూచెను. నేను పోయి మొదటిలోని మట్టిని వ్రేళ్ళతో తీసి చూపితిని. కన్ను అతికిన కణుపు ముడి అచటనే ఉన్నది. ముడికి పైనున్న ఎర్రగులాబి కొమ్మ ఎండి మోడైనది. ముడికి క్రిందనుండి, వేరుమొక్కది, పిలకయొకటి లేచి చెట్టంతయు తానైనది. ఆకు తీరు వేరు, ముల్లు తీరు వేరు. రంగు మారలేదు, మొక్కయే మారినది. ముందుగానే ఆ పిలకను మొదలంట పెరికియుండినచో అంటు దక్కెడిది.

అధ్యాపకుడు: మరి నష్టము చెప్పినవాని మర్యాదకేయంటిరి గదా!

తోటకాపు: అనిన మాటను ఆ గులాబికడ నేను నిలుపుకొనలేను. కాని విన్నపము పూర్తి కానిండు. ఆ సలహా చెప్పినవారిని అచటికే పిలిపించి, ఏమియు అనక, ముడిపై వారి వ్రేలినే ఉంచితిని. వారు ముడిని తడిమి చూచి, పిలకను తడిమి చూచి, కత్తెర తెమ్మని తామే అడిగిరి. నాటినుండి గులాబి రంగు మారినదని యెవరు చెప్పినను వారే పోయి మట్టి తీసి చూచుచున్నారు. సభలో మీరు చెప్పియుండినచో వారు వాదించెడివారు. వాదించినవాడు ఆ తప్పును బ్రదికినంతకాలము మోయును.

అధ్యాపకుడు: ఒకరిని దిద్దితిరి, వారి మాట విని ఎర్రమట్టి పోసిన తక్కిన యిండ్లకు మీరు పోలేదు. తప్పు ఒకసారి నలుగురిలోనికి వచ్చిన తరువాత దిద్దుబాటు నలుగురిలోనికి రానియెడల అది ఎట్లు స్థిరపడునో వృక్షశాస్త్రము అంతయు సాక్షియే. జాక్విన్ అను మహావృక్షశాస్త్రజ్ఞుడు అమెరికా ఖండపు మిరపజాతినొకదానిని చైనాదని భావించి 1776లో చైనా మిరపయని శాస్త్రనామము పెట్టెను. ముందు పెట్టిన పేరే నిలువవలెనను నియమమువలన నేటికిని దానికి అదే పేరు. అస్సాములోని భూత్ జొలోకియా కారము ఆ జాతి కలియుటవలననే వచ్చినది. దానినిగూర్చి చదివినవాడెల్ల చైనానుండి వచ్చినదేమోయని మొదట భ్రమపడును.

తోటకాపు: శాస్త్రమే తన తప్పును అట్లు దాచుకొన్నప్పుడు మాకేల పాఠము?

అధ్యాపకుడు: పేరును మార్చలేదు గాని తప్పును దాచలేదు, ఆ మిరప పుట్టినిల్లు అమెరికాయని ప్రతి గ్రంథమును చెప్పును. అదిగో ఆ తొట్టెలోని తామరను చూడుడు.

సిమెంటు తొట్టెలలో ఒకదానియందు తామర, దాని ప్రక్కదానియందు కలువ యుండెను. తామరాకు నీటికి జానెడు ఎత్తున లేచి, ఎచటను చీలిక లేక పూర్తిగా గుండ్రమై, కాడ నడిమిభాగమున అతికి యుండెను. దానిపై పడిన నీరు నిలువక దొర్లుచుండెను. కలువాకు నీటిపై పరచుకొని, అంచునుండి కాడవరకు ఒక చీలికతో నుండెను.

అధ్యాపకుడు: ఇంత భేదము కంటికి కనబడుచున్నను లిన్నేయసు 1753లో రెండింటిని ఒక్క కలువజాతిలోనే చేర్చెను. పదియేండ్లకే ఆడన్సన్ దానిని దిద్ది తామరను వేరుజాతి చేసెను. అయినను రెండును దగ్గరి చుట్టములేయని ఇరువదవ శతాబ్దమున చాలకాలము కళాశాలలన్నిటను పాఠము చెప్పినారు. 1990ల దశకమున వాని జన్యుపదార్థమును పోల్చిచూచినప్పుడు తేలినదేమనగా, తామరకు బ్రదికియున్న దగ్గరి బంధువులు కలువలు కావు. అరకులోయ కాఫీతోటలలో నీడకై పెంచు సిల్వర్ ఓకు చెట్టు వంశమును, చినారు చెట్టు వంశమును. బురదలోని తామరకు కొండమీది మ్రాను చుట్టము! ఇది వినినప్పుడు లిన్నేయసు గౌరవము ఎవనికైనను తగ్గినదా? దిద్దినవారందరును అచ్చులోనే, అందరియెదుటనే దిద్దినారు.

తోటకాపు: లిన్నేయసు వారికెదురుగా కుర్చీలో కూర్చుండియుండలేదు బావగారూ. బ్రదికియున్నవాని మొగము చూచుచు చెప్పుట వేరు. ఆ పెద్దమనిషి వచ్చే ఆదివారము ఇచటికి మొక్కలకై రానున్నారు. మీరును రండు. రణపాలను తినిపింతము, అసలు అశోకపు మొక్కను, నరమామిడిని ప్రక్కప్రక్కను పెట్టి చూపుదము. రాబోవు సభలో ఆయన నోటనే ఆ మాట వెలువడినచో మీరు చెప్పుదానికన్న నలుగురు ఎక్కువగా నమ్ముదురు.

అధ్యాపకుడు: వచ్చెదను. ఆయన చెప్పనియెడల నేను లేచి చెప్పెదను. అందు నాకు రాజీ లేదు. కాని ముందు మీ తోటమాట తేల్చుడు. ఇచటి నరమామిడి మొక్కల బారుకు ‘అశోక’ అని బోర్డు పెట్టినవారు మీరే. దానిని తీసివేయుదురా?

తోటకాపు: పూర్తిగా తీసివేసినచో కొనవచ్చినవానికి తాను కోరిన మొక్క ఏదో తెలియక పోవును, ప్రక్కతోటకు పోయి అదే మొక్కను అదే పేరున కొనుక్కొనును. ‘నరమామిడి, వాడుకలో అశోక’ అని వ్రాయించి, ‘మందు అశోకము ఇది కాదు’ అని క్రింద చేర్పించెదను.

అధ్యాపకుడు: క్రింద కాదు. ఆ మాట మొదటి వరుసలో, అన్నిటికన్న పెద్ద అక్షరములతో ఉండవలెను.

తోటకాపు: అట్లే కానిండు. రంగు డబ్బా షెడ్డులో నున్నది. అక్షరములు మీరే దిద్దుడు.